పెరిగిన దేశం, పెరిగిన తీరు

అమెరికా కాలేజీలకు అప్లికేషన్లు పెట్టే రోజుల్లో కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో పెరిగిన తెలుగు పిల్లలకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: ‘విదేశంలో పెరిగావు కదా, ఎస్సేలో దాన్నే హైలైట్ చెయ్యి.’ ఇందులో సగమే నిజం. వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ యాప్‌లో ఎక్కడ పుట్టారో, అమెరికా బయట ఎన్నేళ్లు ఉన్నారో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే అడుగుతారు. స్కూలు ఏ ఊళ్లో ఉందో కౌన్సెలర్ పంపే కాగితాలు చెబుతాయి. ఆ తర్వాత కూడా ఎస్సేకి ఉన్న 650 మాటల్ని ఎడారి ఎండకూ, ఎత్తైన మేడలకూ, నానా దేశాల పిల్లలున్న క్లాసుకూ ఖర్చు పెడితే చదివేవారికి కొత్తగా తెలిసేదేమిటి?

ఈ పొరపాటుకు మన అలవాటే కారణమనుకుంటాను. ఇక్కడ విదేశీ చదువు ఒక కేటగిరీ. ఎన్‌ఐటీల్లో విదేశాల్లో చదివినవారి కోసం దాసా పథకం సీట్లున్నాయి, గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు అందులో విడి వాటా ఉంది. ర్యాంకుతో పాటు నిర్ణీత కాలం బయట చదివినట్టు కాగితం చూపాలి, అంతే. అమెరికా ఎస్సేలో ఆ కాగితం చెల్లదు. 2023 జూన్‌లో అడ్మిషన్లలో జాతి ప్రాతిపదికను కొట్టేసినప్పుడు కూడా అక్కడి సుప్రీంకోర్టు, జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి రాసుకోవచ్చంది. అయితే దక్కే గుర్తింపు ఆ మనిషి ధైర్యానికీ పట్టుదలకూ దక్కాలి తప్ప జాతికి కాదంది. జాతికే లేని మార్కులు ఊరి పేరుకు వస్తాయా? భౌగోళిక వైవిధ్యం చూసే కాలేజీలు ఉన్న మాట నిజమే. దానికి అడ్రసు చాలు.

‘మరి చెప్పకపోతే మా వాడు లెక్కల్లో మంచి మార్కులున్న వేలాది భారతీయ పిల్లల్లో కలిసిపోడా?’ అనే తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కానీ దేశం పేరు రాసినా కలిసిపోతాడు, ఈసారి గల్ఫ్ పిల్లల గుంపులో. రాయాల్సింది ఆ బతుకు లోపలి సంగతి. గల్ఫ్‌లో పుట్టినా పౌరసత్వం రాదు, నివాసం నాన్న ఉద్యోగం మీద నిలబడుతుంది. ఉద్యోగం పోతే స్నేహితుడు ఏడాది మధ్యలోనే సామాను సర్దుకుంటాడు. ఇంట్లో తెలుగు, బస్సులో హిందీ, క్లాసులో ఇంగ్లిష్, దుకాణంలో అరకొర అరబిక్. ఇన్నింటి మధ్య ఏ మాట ఎవరి దగ్గర చెల్లుతుందో కనిపెట్టడం ఎవరూ నేర్పని విద్య. దాన్ని ఎక్కడ వాడుకున్నారో ఒక్క సందర్భం చాలు. ఇలాంటి పిల్లలకు ‘థర్డ్ కల్చర్ కిడ్స్’ అన్న పేరు పెట్టిన రూత్ హిల్ యూసీమ్ 1950లలో పరిశీలించింది భారతదేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలనే. బొమ్మ ఇప్పుడు తిరగబడింది.

ఇదంతా కలిగినవాళ్ల గొడవ అనేవారున్నారు. కాదనలేను. కడప, కోనసీమ, నిజామాబాద్‌ల నుంచి వెళ్లిన చాలామందికి పిల్లల్ని తీసుకెళ్లే ఫ్యామిలీ వీసా అందదు, జీతం ఆ మెట్టు చేరదు. అమ్మ కువైట్‌లో ఇంటిపనిలో ఉంటే పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. విమానం ఎక్కని ఆ బాల్యాన్ని కూడా మలిచింది విదేశమే. ఎన్నేళ్లు ఎక్కడున్నావని అడిగే గడిలో మాత్రం కువైట్ పేరు కనబడదు. ఆ పిల్ల తనంతట తాను రాస్తే తప్ప.