బ్రేకు దగ్గర సర్దుకుపోవద్దు

మా మామయ్యగారి పాత అంబాసిడర్‌కి బ్రేకు షూలు తెప్పించాం. డబ్బా మీద బండి పేరు సరిగ్గానే ఉంది, షూలు మాత్రం డ్రమ్ములో కూర్చోలేదు. "కొంచెం అరగదీస్తే సరిపోతుందమ్మా" అన్నాడు కొట్టతను. నేను ఒప్పుకోలేదు, తిరిగి ఇచ్చేశాం.

అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైంది. పేరొక్కటే, లోపలి భాగాలు మారుతూ వచ్చాయి. పాతవాటికి అన్నీ డ్రమ్ము బ్రేకులే. తర్వాత కొన్నింటికి ముందు చక్రాలకి డిస్కులొచ్చాయి. అందుకే మోడలు, సంవత్సరం చెప్పి, విప్పిన పాత షూ పక్కన పెట్టి చూశాకే కొనాలి. ఫాల్ కొనడానికి కూడా చీర పట్టుకెళ్లే మనకి ఇదేం కొత్త కాదు.

రుద్రారం గణేశ్ గడ్డలో బండికి పూజ చేయిస్తాం, మంచిదే. కానీ ముంబై హైవే మీద, లారీల మధ్య బండిని ఆపాల్సింది బ్రేకే. ఇంట్లో అన్నిటికీ సర్దుకుపోతాం. దీనికి మాత్రం వద్దు.