అనుమానం ముదిరితే అనర్థమే
అసూయ నేరాల్లో జబ్బు ఎంత? కక్ష ఎంత?

చోడవరం: అనుమానం పెనుభూతమని పెద్దలు చెప్పే మాట. భార్యను శంకించి భర్త దాడికి తెగబడ్డాడన్న వార్త వెలువడిన ప్రతిసారీ ఇదే వినిపిస్తుంది. ఆ శంక మనోవ్యాధా, కేవలం కక్షా అన్నది తేల్చడంలో న్యాయస్థానానికి తోడ్పడేది న్యాయ మనోవైద్యం.

జబ్బు లక్షణాలివీ
అసూయ మానవ సహజం. ఆధారం లేకున్నా జీవిత భాగస్వామి ద్రోహం చేస్తున్నట్లు గట్టిగా నమ్మడం, ఎంత నచ్చజెప్పినా ఆ నమ్మకం సడలకపోవడం వ్యాధి లక్షణాలు. 1955లో టాడ్, డ్యూహర్‌స్ట్ అనే వైద్యులు దీన్ని ‘ఒథెల్లో సిండ్రోమ్’గా వర్ణించారు. మద్యానికి బానిసలైనవారిలోనూ, స్కిజోఫ్రెనియా వంటి వ్యాధులున్నవారిలోనూ ఇది కనిపిస్తుంది. దుస్తులు, ఫోన్లు తనిఖీ చేయడం, వెంబడించడం, తప్పు ఒప్పుకోమని గంటల తరబడి నిలదీయడం ప్రమాద సూచికలు.

చట్టం ఏమంటోంది?
జబ్బు ఉన్నంత మాత్రాన శిక్ష తప్పదు. నేర సమయంలో తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితి ఉంటేనే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ రక్షణ లభిస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 84వ సెక్షన్. ఆ స్థితిని చూపవలసిన బాధ్యత నిందితునిదేనని సుప్రీంకోర్టు 1964లో స్పష్టం చేసింది. ఆకస్మిక ఆవేశమన్న వాదనకూ హద్దులున్నాయి. భార్య ప్రియుణ్ని కాల్చిచంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో, ఆవేశం చల్లారేందుకు తగిన వ్యవధి ఉందంటూ 1961లో యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది.

వరంగల్‌లో 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడికి ప్రేమ నిరాకరణే కారణమని పోలీసులు ప్రకటించారు. ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో మరణించడంతో, వారి మానసిక స్థితిని న్యాయస్థానం పరిశీలించే అవకాశమే లేకపోయింది.

పంచాయితీతో తీరదు
అనుమానపు తగాదాలను పెద్దల సమక్షంలో సర్దిచెప్పి, భార్యను తిరిగి కాపురానికి పంపడం పల్లెల్లో పరిపాటి. జబ్బు ముదిరిన ఇంట ఆ రాజీయే ప్రాణాంతకం కావచ్చు. ముందు బాధితురాలిని సురక్షిత స్థలానికి చేర్చాలి, ఆపై రోగికి చికిత్స ఇప్పించాలి. 2022లో చోడవరం అనకాపల్లి జిల్లాలో చేరినా, ఇక్కడివారికి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అందుబాటులోనే ఉంది. టెలీమానస్ 14416లో ఉచితంగా సలహా పొందవచ్చు. ప్రమాదం ఎదురైతే 112కు, మహిళలు 181కు ఫోను చేయాలి. తొలి బెదిరింపునాడే మేల్కొంటే ఒక ప్రాణం నిలుస్తుంది, మరొకరు హంతకులు కాకుండా ఉంటారు.