డ్రైవ్-అవే ఆవ్నింగ్ కొనే ముందు: బండి వెళ్లిపోయాక డేరాలో ఎవరుంటారు?

క్యాంపర్ వ్యాన్ చేయించుకుంటున్నవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న యాక్సెసరీ ఒకటుంది. గాలితో నింపే డ్రైవ్-అవే ఆవ్నింగ్. పేరు పొడుగ్గా ఉన్నా వస్తువు సింపుల్. వ్యాన్ పక్క డోర్‌కి ఆనుకుని గదిలా నిలబడే డేరా. లోహపు రాడ్లు, ఫైబర్ కర్రల బదులు గాలి నింపిన ట్యూబులు దాన్ని నిలబెడతాయి. వ్యాన్‌కీ డేరాకీ మధ్య ఒక గుడ్డ సొరంగం ఉంటుంది. దాన్ని విప్పేస్తే వ్యాన్ ఎక్కడికైనా వెళ్లి రావచ్చు, డేరా ఉన్నచోటే ఉంటుంది. వ్యాంగో, ఔట్‌వెల్, కాంపా లాంటి యూరప్ బ్రాండ్లు వీటిని ఏళ్లుగా అమ్ముతున్నాయి. బ్రిటన్‌లో చాలా మోడళ్ల ధర 500 నుంచి 1000 పౌండ్ల మధ్య ఉంటుంది. మన రూపాయల్లో అరలక్ష దాటి లక్ష పైమాటే. షిప్పింగ్, కస్టమ్స్ అదనం.

ఇంత పెట్టి కొనాలా అంటే నా సమాధానం ఫీచర్లతో మొదలవ్వదు. యూట్యూబ్‌లో రివ్యూలన్నీ ఎన్ని నిమిషాల్లో నిలబడుతుంది, ఎంత త్వరగా విడదీయొచ్చు అన్నదాని చుట్టూ తిరుగుతాయి. అవి యూరప్ క్యాంప్‌సైట్లలో తీసినవి. అక్కడ చుట్టూ కంచె ఉంటుంది, ఆఫీసులో మనిషి ఉంటాడు, కరెంటు పాయింటు ఉంటుంది. పొద్దున ఖాళీ డేరా వదిలేసి వెళ్తే సాయంత్రానికి అలాగే ఉంటుంది. మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఖాళీ డేరా అన్న మాటే కుదరదు. ఇక్కడ డ్రైవ్-అవే అనేది వెళ్లేవాళ్ల కోసం కాదు, ఉండిపోయేవాళ్ల కోసం. ఇది ఒప్పుకుంటే దీన్ని చూడాల్సిన పద్ధతే మారిపోతుంది.

ముక్కోటి రోజుల్లో మా బావ క్యాంపర్ వ్యాన్‌కి ఇలాంటిదొకటి తగిలించి, పాల్వంచ దాటాక తెలిసినవాళ్ల మామిడితోటలో నాలుగు రాత్రులు ఉన్నాం. ఆవ్నింగ్ లండన్ నుంచి తిరిగొచ్చిన మా చిన్నాన్న కొడుకుది. డేరా వేస్తుంటేనే తోట కాపలాదారు చెప్పేశాడు. "ఎవరో ఒకర్ని ఉంచి పొండి సార్. లేకపోతే కోతులు దీన్ని పేలికలు చేసిపెడతాయి." కోతి సంగతి తెలియని తెలంగాణ రైతు లేడు. లోపల అరటిపండు వాసన తగిలితే జిప్పు తీసే ఓపిక వాటికి ఉండదు, దోమతెరనే చించుకుని లోపలికొస్తాయి. వాటి తర్వాత పశువులు. తాళ్లకు కాళ్లు తగిలి గేదె ఒక్కసారి లాగిందంటే మేకులు లేచొస్తాయి.

ఇక అడవి లోపలే వేసుకుంటే పోలా అనేవాళ్లకి ఒక మాట. రిజర్వ్ ఫారెస్ట్‌లో గానీ కిన్నెరసాని అభయారణ్యంలో గానీ అనుమతి లేకుండా డేరా వేయడానికి వీల్లేదు. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా అక్కడ నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించింది, అంటే స్టవ్ విషయం కూడా ఆలోచించుకోవాలి. పైగా 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊరు దాటి ఎటపాక వైపు కాస్త వెళ్తే రాష్ట్రం మారుతుంది, అడగాల్సిన ఆఫీసూ మారుతుంది. కాబట్టి తెలిసినవాళ్ల తోట, రిసార్ట్ ఆవరణ, లేదా ఇంటి వెనక ఖాళీ స్థలం. ఇంతకు మించి నేను సలహా ఇవ్వను.

గోదారి ఒడ్డు ఇసుక మీద వేసుకుందాం అనే ఆశ కూడా చాలామందికి ఉంది. ఎండాకాలం సంగతేమో గానీ వానాకాలంలో ఆ ఊసే వద్దు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడికి వరదై వస్తుంది, మన నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉండొచ్చు. వ్యాన్ అయితే తీసుకుని పోతాం, డేరా మడిచే టైమ్ ఎవరిస్తారు?

సరే, ఉండిపోయేవాళ్ల సంగతి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. మొదటిరోజు గుడి మెట్లెక్కి దర్శనం చేసుకుంది, రెండోరోజు పర్ణశాల అంటే "ఒరేయ్, మీరు వెళ్లి రండి, నాకిక్కడ గాలి బాగుంది" అంది. భద్రాచలం నుంచి పర్ణశాల ముప్పై కిలోమీటర్ల పైనే, మా తోట నుంచి ఇంకా ఎక్కువ. రానూపోనూ, మధ్యలో భోజనం కలిపితే రోజు గడిచిపోతుంది. అత్తయ్య అమ్మకి తోడు ఉంది. మేం సొరంగం విప్పి వ్యాన్ తీసుకుని బయల్దేరాం.

ఏ రివ్యూలోనూ కనబడని విషయం ఇక్కడే ఉంది. వ్యాన్ వెళ్లిపోతే దాంతోపాటు ఫ్రిజ్ వెళ్లిపోతుంది, నీళ్ల ట్యాంకు వెళ్లిపోతుంది, బ్యాటరీ వెళ్లిపోతుంది, టాయిలెట్ ఉంటే అదీ వెళ్లిపోతుంది. మిగిలేది గుడ్డ గది. ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లుంటే ఫ్రిజ్ ఎటు పోతుందన్నది చిన్న విషయం కాదు. అందుకే ఆవ్నింగ్ ధర చూసేటప్పుడు ఈ రెండో సెట్ ధర కూడా కలుపుకోండి: ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, కోల్డ్ బాక్స్, చిన్న పవర్ స్టేషన్, టాయిలెట్‌కి విడిగా ఏర్పాటు. పవర్ లెక్క సులువే. 15 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 120 వాట్-అవర్లు. దాని మీద రెండు ఫోన్లు, ఒక లైటు. 300 వాట్-అవర్ల పవర్ స్టేషన్ ఉంటే ఇద్దరికి రోజు హాయిగా వెళ్తుంది. మేం వెళ్లిన తోటలో బోరు, బాత్రూమ్ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది పడలేదు. ఫోన్ సిగ్నల్ మాత్రం ముందే చూసుకోండి. అడవి అంచున ఒక నెట్‌వర్క్ ఉన్నచోట ఇంకోటి ఉండదు. ఉండిపోయేవాళ్ల చేతిలో పనిచేసే సిమ్ ఉండాలి, బండితో వెళ్లేవాళ్ల చేతిలో కాదు.

వస్తువుగా చూస్తే గాలి ట్యూబుల ఐడియా నాకు నచ్చింది. ఎండాకాలం చివర్లో మన దగ్గర సాయంత్రాలు ఈదురుగాలులు ఎలా లేస్తాయో తెలుసు కదా. ఫైబర్ కర్ర ఒక హద్దు దాటితే పుటుక్కున విరుగుతుంది. గాలి ట్యూబు వంగి మళ్లీ లేస్తుంది. చేతి పంపుతో పది నిమిషాల లోపు నిండింది, మా బావ చెమట లెక్కలోకి తీసుకోకపోతే.

కానీ ఎండ దగ్గర ఒక ఫిజిక్స్ పాఠం ఉంది. ఇలాంటి ట్యూబుల్లో చాలావాటికి 7 నుంచి 9 పీఎస్ఐ దాకా ఒత్తిడి చెప్తారు. మే నెల తెల్లవారుజామున 28 డిగ్రీల్లో 7 పీఎస్ఐ నింపారనుకోండి. మధ్యాహ్నం ఎండకి ట్యూబులో గాలి 60 డిగ్రీలకి వేడెక్కితే అదే గాలి 9 పీఎస్ఐ దాటుతుంది. తొమ్మిదితో మొదలుపెడితే ఇంకా పైకి. కొత్తగూడెం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు వింత కాదు, నీడ లేని చోట గుడ్డ అంతకన్నా వేడెక్కుతుంది. ఎక్కువైన గాలిని వదిలే రిలీఫ్ వాల్వ్ లేని మోడల్ అయితే పొద్దున కాస్త తక్కువే నింపండి. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో నింపితే కథ రివర్స్. తెల్లారేసరికి 20కి పడితే 7 కాస్తా అయిదున్నర అవుతుంది, డేరా నీరసంగా కనిపిస్తుంది. అది లీకు కాదు, కంగారుపడి ప్యాచ్ వేయకండి.

నిజంగా పంక్చర్ అయితే మాత్రం ఊళ్లో సైకిల్ షాపు పనికిరాదు. లోపలి ట్యూబులు చాలావరకు టీపీయూ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, రబ్బరు ట్యూబుకి వాడే సొల్యూషన్ దానికి సరిగ్గా పట్టదు. టీపీయూకి పనికొచ్చే ప్యాచ్ కిట్, వీలైతే ఒక స్పేర్ ట్యూబు ఆర్డర్‌లోనే కలిపి తెప్పించుకోండి. ట్యూబు మీద గట్టి గుడ్డ తొడుగు ఉంటుంది కాబట్టి చిన్నాచితకా ముళ్లకి భయం లేదు.

దోమలు. ఏజెన్సీలో మలేరియా భయం ఇవ్వాళ్టిది కాదు, అందుకే ఇక్కడ నేను గట్టిగా ఉంటాను. డేరాకి నాలుగు వైపులా తెర ఉన్నా, వ్యాన్ కింద నుంచి, సొరంగం పక్క సందుల్లోంచి దోమ వచ్చేస్తుంది. ఈ సొరంగం చలిగాలి ఆపడానికి డిజైన్ చేసింది, దోమని ఆపడానికి కాదు. మేం వ్యాన్ అడుగున గుడ్డ కట్టి, అంచుల మీద ఇటుకలు పెట్టాం. అయినా రాత్రి లోపల విడిగా దోమతెర కట్టుకునే పడుకున్నాం. వ్యాన్ లేనప్పుడు ఆ సొరంగం మూతికి జిప్పు తలుపు ఉందో లేదో, ఆ తలుపులో తెర ఉందో లేదో కొనే ముందే చూడండి. అడుగు పరుపు కూడా గోడలతో కలిపి కుట్టింది కావాలి. విడిగా పరిచే షీటు ఉన్నవి చౌకగా వస్తాయి, మన తోటల్లో తేళ్లూ పాములూ కూడా చౌకగానే వస్తాయి.

వానాకాలంలో తడిసిన డేరాని మడిచి మూటకడితే రెండు రోజుల్లో బూజు వాసన. ఆరబెట్టడానికి ఎండ కావాలి, ఆగస్టులో అది దొరకదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దీని సీజన్, అంతే.

బండికి తగిలించడం గురించి కొంచెం. ఈ ఆవ్నింగులు వ్యాన్ ఎత్తుని బట్టి సైజుల్లో వస్తాయి. తక్కువ ఎత్తు రకం సాధారణంగా 180 నుంచి 210 సెంటీమీటర్ల బండికి, ఎక్కువ ఎత్తు రకం 240 పైన ఉన్నవాటికి. ఈకో సుమారు 1.8 మీటర్లే కాబట్టి మొదటి రకంలో అంచున పడుతుంది, పెద్ద ట్రావెలర్లకి రెండోది కావాలి. బ్రిటన్‌లోనూ మనలాగే ఎడమ పక్క డ్రైవింగ్, పక్క డోర్ కూడా ఎడమవైపే, ఆ మోడళ్లు మనకి సులువుగా కుదురుతాయి. మన వ్యాన్లకి ఆవ్నింగ్ పట్టా ఉండదు. దానికోసం బాడీకి రంధ్రాలు కొట్టించే బదులు, పైనుంచి తాళ్లు వేసి అవతలి చక్రానికి కట్టే పద్ధతి చాలు. తిరిగొచ్చాక వ్యాన్‌ని సరిగ్గా అదే చోట పెట్టడానికి ముందు చక్రాల దగ్గర రెండు ఇటుకలు వదిలి వెళ్లండి. మా బావ మొదటిసారి మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాడు, రెండోసారి ఇటుకకి ఆన్చి ఆపేశాడు.

ఇంట్లో నలుగురే ఉండి, నలుగురూ ఎప్పుడూ కలిసే తిరుగుతారా? దీన్ని కొనకండి. వ్యాన్ పక్కకి లాగి కట్టే మామూలు టార్పాలిన్ పందిరి, రెండు ఫోల్డింగ్ కుర్చీలు సరిపోతాయి, బయల్దేరేటప్పుడు అయిదు నిమిషాల్లో చుట్టేయొచ్చు. డెకథ్లాన్ ఎయిర్ సెకండ్స్ లాంటి గాలి టెంట్ దొరికితే దాన్ని వ్యాన్ పక్కన విడిగా వేసుకున్నా సగం పని జరుగుతుంది. సొరంగం ఉండదు, వర్షంలో రెండడుగులు తడుస్తారు. మెట్లెక్కలేని అమ్మమ్మ, మధ్యాహ్నం నిద్రపోవాల్సిన చంటిబిడ్డ, తోడుగా ఒక పెద్దమనిషి ఉన్న కుటుంబం అయితే లెక్క వేరు. ముక్కోటికీ శ్రీరామనవమికీ భద్రాచలంలో లాడ్జి గది దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. నవమికి మాత్రం మామిడి చెట్టు నీడ తప్పనిసరి.

మేం పర్ణశాల నుంచి వచ్చేసరికి అమ్మా అత్తయ్యా కాపలాదారు భార్యని కూడా లోపల కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పవర్ స్టేషన్‌లో ఇంకా 58 శాతం ఉంది.