తిరుగుతుంది గాని రాజుకోదు

పాత కారున్న ఇంట్లో అందరికీ బాగా పరిచయమైన ధ్వని ఒకటున్నది. తాళం తిప్పగానే సెల్ఫు 'కిర్ర్... కిర్ర్...' మని ఉత్సాహంగా తిరుగుతుంది. ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. పెళ్ళికి ముస్తాబై వెనుక సీటులో కూర్చున్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. యజమాని మళ్ళీ తిప్పుతాడు. పది నిమిషాలు గడిచేసరికి ఆ ధ్వని కూడా నీరసించి 'టక్' మని ఊరుకుంటుంది. అప్పటికి జబ్బు ఒకటి కాదు, రెండు. మొదటిది ఏమిటో ఇంకా తెలియదు, రెండవది బేటరీ.

బెజవాడలోను, కృష్ణా డెల్టా ఊళ్ళలోను ఇటువంటి బళ్ళు ఇంకా కొన్ని ఉన్నవి. ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే ఏడు సెలవు తీసుకున్నది. అయినా నాన్నగారు కొన్న బండి అనో, తాతగారు తిరిగిన బండి అనో షెడ్డులో భద్రంగా ఉంచుకున్నవారు కద్దు. ఒకనాటి ఉదయం అది లేవదు. ఒకరు కాయిలు మార్చమంటారు. మరొకరు కార్బొరేటరు మార్చమంటారు. రెండూ మార్చిన తర్వాత కూడా లేవకపోతే, "ఇక లాభం లేదు, తూకానికి ఇచ్చేయండి" అంటారు. చిన్న లోపం కనిపెట్టలేక ఒక తరం జ్ఞాపకాన్ని పాత ఇనుము కింద జమ కట్టటం న్యాయమా? సామాను మార్చే ముందు, లోపించినది ఏదో తెలుసుకోవాలి. దానికి డబ్బు కంటె ఓపిక, ఒక వరుస ముఖ్యం.

ముందుగా సెల్ఫు సంగతి. దీన్ని 1912లో కాడిలాక్ కారుకు అమర్చిన ఘనత అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్‌ది. అంతకు పూర్వం ముందు నిలబడి హ్యాండిలు తిప్పవలసిందే. అది వెనక్కు తన్ని మణికట్లు విరిగినవారూ ఉన్నారు. పాత అంబాసిడర్లకూ ఆ హ్యాండిలు ఉండేది. సెల్ఫు చేసేది ఆ హ్యాండిలు పనే, అంటే తిప్పటం వరకే. రాజేయటం దాని పని కాదు. కనుక సెల్ఫు జోరుగా తిరుగుతున్నదంటే బేటరీ, సెల్ఫు మోటారు నిర్దోషులన్నమాట. వాటిని వదిలి ముందుకు నడవవచ్చు. నెమ్మదిగా మూలుగుతూ తిరిగితే మాత్రం ముందు బేటరీనే చూడండి.

వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని మేము తరగతిలో చెబుతాము. ఉదయం ఒక మాట, సాయంత్రం ఒక మాట పలికితే అది వాక్యం కాదు. ఇంజనుకూ మూడే కావాలి: పాలు కుదిరిన పెట్రోలు, గాలి; బలమైన నిప్పురవ్వ; ఆ రెండూ సమయానికి కలుసుకోవటం. లేవని బండిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి లేదు.

మంచి మెకానిక్కు పానా పట్టే ముందు ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నలు మనమే వేసుకోవచ్చు. బండి నడుస్తూ దీపం ఆర్పినట్టు ఠక్కున ఆగిందా? అయితే అనుమానం కరెంటు మీద. దగ్గుతూ, తడబడుతూ ఆగిందా? అనుమానం పెట్రోలు మీద. రాత్రి వాన కురిసి తెల్లవారి లేవలేదా? తేమ. నెలల తరబడి షెడ్డులో ఉన్నదా? పెట్రోలు పాతబడింది. నిన్న ఎవరైనా ఏదైనా విప్పారా? అయితే అక్కడే మొదలుపెట్టండి. ప్లగ్గు తీగలు తీసి తుడిచి, వరుస తప్పి పెట్టటం తరచు జరిగేదే. అంబాసిడరు పెట్రోలు ఇంజనులో మండే వరుస 1, 3, 4, 2. ఇది తప్పితే ఎంత తిప్పినా కార్బొరేటరులోంచి దగ్గటమే గాని బండి లేవదు.

తర్వాత ముక్కుకు పని చెప్పండి. పెట్రోలు వాసన గుప్పుమంటే, అది వస్తున్నది; బహుశా ఎక్కువే వచ్చి ప్లగ్గులు తడిశాయి. చోకు పూర్తిగా లోపలికి నెట్టి, ఏక్సిలరేటరు అడుగంటా తొక్కిపట్టి, ఒకసారి తిప్పి చూడండి. పదేపదే తొక్కవద్దు. సెల్ఫును ఒక్కసారికి పది సెకండ్లకు మించి తిప్పకండి. నడుమ ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వండి.

అయినా లేవకపోతే నిప్పు చూడాలి. ఇది పాత పాయింట్ల బళ్ళకే; ఎలక్ట్రానిక్ బళ్ళలో చేయరాదు. ఒక ప్లగ్గు విప్పి, దాని తీగకే తగిలించి, ప్లగ్గు లోహపు ఒంటిని ఇంజను లోహానికి ఆనించండి. ఒట్టి చేతితో పట్టుకోవద్దు. అక్కడ వచ్చేది వేల వోల్టులు. దగ్గరలో పెట్రోలు చుక్క కూడా ఉండరాదు. మరొకరు తాళం తిప్పినప్పుడు చిటపటమని నీలి రవ్వ కనిపిస్తే సరే. పసుపు పచ్చగా, పీలగా ఉన్నా, అసలే లేకపోయినా డిస్ట్రిబ్యూటరు మూత విప్పండి. మన డెల్టా గాలిలో తేమ హెచ్చు గనుక, లోపల చెమ్మ ఉన్నదేమో చూసి పొడిగుడ్డతో తుడవండి. మూతలో సన్నని నెరియ, రోటరు మీద మసి, మాడిన పాయింట్లు, చెడిన కండెన్సరు, ఈ వరుసలో చూడాలి. పాయింట్ల ఎడం అంబాసిడరుకు అంగుళంలో వెయ్యో వంతులు సుమారు పదిహేను.

నిప్పు ఉంటే ఇక మిగిలినది పెట్రోలు. టాంకు మూతలోని గాలి రంధ్రం పూడిందేమో, ఫిల్టరులో తుప్పు చేరిందేమో, ఏ.సి. పంపులో పొర చిరిగిందేమో చూడాలి. మే నెల బెజవాడ ఎండలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడటమూ ఉన్నది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే చాలు. ఈ రోజులలో మరొకటి చేరింది. 2025లో మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. అది తేమను పీల్చుకుంటుంది. హద్దు మీరితే నీటితో కలిసి టాంకు అడుగుకు దిగుతుంది. పాత రబ్బరు గొట్టాలకూ అది పడదు. కదలని బండిలో నెలల తరబడి పెట్రోలు నిలవ ఉంచకండి.

సీసాతో పెట్రోలు తెచ్చి కార్బొరేటరులో పోసి తిప్పటం మనవారికి అలవాటు. ఎదురుమంట వచ్చిందంటే బండి మాట అటుంచి ముఖం కాలుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు.

నిప్పు, పెట్రోలు రెండూ ఉండి, సెల్ఫు మాత్రం ఎప్పటికంటె తేలికగా, బోలుగా తిరుగుతుంటే టైమింగు చెయినో, కంప్రెషనో పోయి ఉండవచ్చు. అది ఇంట్లో తేలే పని కాదు.

వరదనీటిలో మునిగిన బండికి ఈ పరీక్షలేవీ వర్తించవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు వాహనాలు నీళ్ళలో నిలిచిపోయినవి. అటువంటి బండికి తాళం తిప్పనే కూడదు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండరులో నీరుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బేటరీ తీగ విప్పి, ప్లగ్గులు తీయించి, నీరు వెళ్ళగొట్టించి, ఆయిలు మార్పించిన తర్వాతనే తిప్పించాలి.

ఇంత చూసినా బండి లేవకపోతే చిన్నబోనక్కరలేదు. ఆటోనగర్‌కు కబురు పెట్టండి. కాని "లేవటం లేదు" అని మాత్రం చెప్పకండి. "నిప్పు ఉన్నది, పెట్రోలు రావటం లేదు" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మెకానిక్కుకు సగం శ్రమ, మీకు సగం ఖర్చు తగ్గుతాయి.