గోడలోని మర

స్నానపు గదిని బాగుచేయించుకొన్న గృహస్థుడు చుట్టములకు మొదట చూపునది గోడ పలకలను. వాని రంగు, నునుపు, వెల గూర్చి ఆయన అరగంట ప్రసంగింపగలడు. షవరు చేయి గోడలో దేనికి బిగింపబడినదని అడిగినచో మౌనము వహించును. అది ప్లంబరు సంగతి యని ఆయన అభిప్రాయము. ఆ అభిప్రాయమే కొన్ని మాసములకు ప్రక్క గది గోడపై చెమ్మయై పొటమరించును.

లోపము అన్ని వేళల ప్లంబరు చేతిలో లేదు. పెక్కుమారులు పనుల వరుసలో నున్నది. పాత ఇండ్లలో నీటి గొట్టములు జింకు పూత పూసిన ఇనుపవి. షవరునకు నీరిచ్చు గొట్టము గోడలో పైకి పోయి, ఎల్బో అను వంపుముక్కతో గదివైపునకు తిరిగి నిలుచును. ఆ ఎల్బో నోరు నాటి గోడ ముఖమునకు సమముగా ఉండునట్లు నాటి మేస్త్రీ అమర్చియుండును. నేడు పాత పలకలను పగులగొట్టక వానిపైననే కొత్తవి అతికించుట పరిపాటి యగుచున్నది. పలకయు జిగురును కలిసి 12 మిల్లీమీటర్లు అయినచో ఎల్బో నోరు అంత లోతునకు పోయినట్లే. అర అంగుళపు గొట్టపు మరకు అంగుళమునకు 14 చుట్లు. అనగా ఒక్కొక్క చుట్టునకు ఇంచుమించు 1.8 మిల్లీమీటర్లు. 12ను 1.8 చేత భాగించినచో ఆరు చుట్లకు పైగా వచ్చును. షవరు చేతికి 15 మిల్లీమీటర్ల మర ఉన్నచో దాని చుట్లు మొత్తము ఎనిమిదే. మర వెనుక లావెక్కిన చేయి పలకకు తగిలి ఆగిపోయినచో, రెండు చుట్లయినను నిండని పట్టుపై అది వ్రేలాడవలసి వచ్చును. పలక రంధ్రమును కొంచెము పెద్దదిగా తొలచుటయో, నడుమ పొడిగింపు నిపిల్ బిగించుటయో దీనికి మందు. కాని ఈ లెక్క పలక అతికించుటకు ముందు వేయవలసినది. ప్లంబరును పిలుచుట సాధారణముగా ఆ తరువాతనే!

మరలలో మరియొక చిక్కు కలదు. అర అంగుళపు మర వెలుపలి కొలత అర అంగుళము కాదు, దాదాపు 21 మిల్లీమీటర్లు. పేరు వెనుకటి గొట్టపు లోపలి రంధ్రమునుబట్టి వచ్చినది. స్కేలుతో కొలిచి ఇది ముప్పాతిక అంగుళమునకు మించినదని విద్యార్థి చెప్పినచో వాని కొలత తప్పు గాదు. 1841లో ఆంగ్ల యంత్రశిల్పి జోసెఫ్ విట్‌వర్త్ మరలకు ఏకరూపత ఉండవలెనని ప్రతిపాదించి, చుట్ల కోణమును 55 డిగ్రీలుగా నిర్ణయించెను. భారతదేశమున వాడు గొట్టపు మర ఆ సంప్రదాయమునకు చెందినది. అమెరికా గొట్టపు మర కోణము 60 డిగ్రీలు. అయినను అర అంగుళపు కొలతలో రెండింటికిని అంగుళమునకు 14 చుట్లే. మోసమంతయు ఇక్కడ నున్నది. అమెరికానుండి కుమారుడు తెచ్చిన షవరు చేయి ఇచ్చటి ఎల్బోలో సుఖముగా తిరుగును, బిగిసినట్లును తోచును. కాని చుట్టునకు చుట్టు సరిగా ఒరయక సందు మిగులును.

పూర్వము ప్లంబర్లు మరపై జనపనార చుట్టి సఫేదా పూయుచుండిరి. నార తడిసి ఉబ్బి సందును మూసెడిది. అయితే నాటి సీసపు సఫేదా విషము. అది పోవుట మేలే. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న పదార్థముతో చేసిన టెఫ్లాన్ పట్టీ నేడు దాని స్థానము నాక్రమించినది. ఈ పట్టీ నారవలె ఉబ్బదు. షవరు చేయి బిగించుటలోని కష్టము దీనివలన పెరిగినది. బోల్టు బిగిసినచోట ఆపవచ్చును; చేతి కొస నేలవైపే చూడవలెను. బిగువు వచ్చునప్పటికి కొస ప్రక్కకు చూచుచున్నచో పాతిక చుట్టు వెనుకకు త్రిప్పుట సులభము, అనుచితము. నలిగిన పట్టీ వెంబడి నీరు దారి చేసికొనును. బలవంతముగా ముందునకు త్రిప్పుటయు ప్రమాదమే. చేయి పొడవు 15 అంగుళములైనచో, మర వ్యాసార్ధము అర అంగుళమైనను లేదు గనుక, కొసపై వేసిన బలము మరవద్ద ముప్పది రెట్లకు మించును. తుప్పు పట్టిన పాత ఎల్బో అచ్చటనే విరుగవచ్చును. అంతయు విప్పి, పాత పట్టీ తీసివేసి, మరి రెండు చుట్లు ఎక్కువ చుట్టి తిరిగి బిగించుటయే సరియైన పని. దానికి పది నిమిషములు ఎక్కువ పట్టును. ఆ పది నిమిషములకు కూలి ఇచ్చువారు అరుదు. పైగా ఆలస్యమేలయని గద్దించువారే ఎక్కువ.

ఈ అతుకు కుళాయికి ఆవలివైపున నుండుటచే, కుళాయి కట్టినప్పుడు దానిపై ఒత్తిడి ఉండదు. స్నానము చేయునంతసేపే కారును. అప్పుడు గది అంతయు తడియే గనుక ఎవరును గుర్తింపరు. పరీక్ష సులభము. షవరు తలను తీసి, చేతి కొసకు మూత బిగించి, కుళాయి విప్పి పావుగంట ఉంచవలెను. గోడను కప్పు బిళ్లను ఇవతలకు జరిపి, పొడి కాగితమును వత్తిగా చేసి రంధ్రములో అద్ది చూడవలెను. తొట్టిలోని నీటిమట్టము అతుకునకు మూడు మీటర్ల పైన ఉన్నచో చదరపు సెంటీమీటరునకు సుమారు 300 గ్రాముల ఒత్తిడి కలుగును. షవరు తెరచియున్నప్పటికంటె ఇది ఎక్కువ.

మర యనగా చుట్టబడిన వాలుతలమని పాఠశాలలో చెప్పుదురు. త్రికోణపు కాగితమును పెన్సిలునకు చుట్టి చూపు ఉపాధ్యాయులు లేకపోలేదు, వారు ధన్యులు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసమావేశము చేతిపని చుట్టును విద్య అల్లుకొనవలెనని కోరినది. పెక్కుచోట్ల అది వారమునకొక గంటగా కుదించుకొని పోయినది. ఆ గంటకైనను నిపిల్లులు, సాకెట్లు, ఒక పట్టీ చుట్ట కొని తెచ్చుట పాఠశాలకు భారము కాదు. ఒక నిపిల్‌ను బిగించి అట్లే ఉంచి, రెండవదానిని బిగించి పాతిక చుట్టు వెనుకకు త్రిప్పి, కొసలకు మూతలు వేసి, రెండింటిని మేడమీది తొట్టి గొట్టమునకు తగిలింపవచ్చును. క్రింద రెండు పొడి కాగితములు పరచినచో, గంట కొట్టునప్పటికి ఏది తడిసినదో పిల్లలే చూచి చెప్పుదురు.