రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారా?

'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే గడగడా చెప్పేస్తారు. పేరు, ఊరు, కాలేజీ, పర్సంటేజీ, హాబీలు... అన్నీ అద్దం ముందు నిలబడి బట్టీ పట్టినవే. చిక్కంతా ఆ తర్వాతే. ఎదుటివారు నవ్వుతూ 'నిన్న ఏం చేశారు?' అని ఇంగ్లిష్‌లో అడిగితే నోరు పెగలదు. నాకూ అదే జరిగింది. కరీంనగర్ నుంచి హైదరాబాద్ వచ్చి తొలి ఇంటర్వ్యూలో కూర్చున్న రోజు 'ఎస్టర్‌డే ఐ యామ్ కమింగ్... ఐ యామ్ కేమ్... ఐ డిడ్ కేమ్...' అంటూ మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ ఆగిపోయాను. నిన్న ఏం చేశానో నాకు తెలుసు. ఇంగ్లిష్ మాటలూ తెలుసు. వాక్యం కట్టడమే తెలియలేదు. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

అందుకే 'గ్రామర్ అక్కర్లేదు, ధైర్యంగా మాట్లాడేయండి చాలు' అనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. ధైర్యం కావాలి, కాదనను. తప్పొస్తుందేమోనని నోరే విప్పని వాళ్లకు ఆ మాట మందులాంటిదే. కానీ వాక్యం ఎలా కట్టాలో తెలిస్తే వచ్చే ధైర్యం వేరు. అలాగని మనకు బడిలో చెప్పిన గ్రామర్ చాలిందా అంటే, అదీ లేదు. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ నిర్వచనాలు, పన్నెండు టెన్సుల టేబుల్, యాక్టివ్‌ను పాసివ్‌లోకి మార్చడం... ఇంటర్ దాకా చేసింది ఇదేగా! 'ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్' నిర్వచనం అప్పజెప్పేవాళ్లలో ఎంతోమంది 'మూడేళ్లుగా ఇక్కడే చదువుతున్నాను' అన్న చిన్న ముక్కను ఇంగ్లిష్‌లో చెప్పలేరు.

ముందు వెర్బ్‌ను పట్టుకోండి అంటాను నేను. మనం చేసే పెద్ద తప్పులన్నీ దాదాపు అక్కడే. వాటిని అర్థం చేసుకోవడానికి మన తెలుగే అక్కరకొస్తుంది.

'హీ డిడ్ నాట్ వెంట్' అన్న తప్పునే తీసుకోండి. తెలుగులో 'వాడు వెళ్లాడు' అంటాం. వెళ్లకపోతే 'వెళ్లాడు లేదు' అంటామా? అనం. 'వెళ్లలేదు' అంటాం. 'లేదు' రాగానే 'వెళ్లాడు' తోక ఊడిపోయింది చూశారా? ఇంగ్లిష్‌లోనూ అంతే. 'డిడ్' వచ్చిందంటే జరిగిపోయిన కాలాన్ని అదే మోస్తుంది. ఇక 'వెంట్' మళ్లీ 'గో' అయిపోవాలి. హీ డిడ్ నాట్ గో. ప్రశ్న అడిగినా అదే: డిడ్ హీ గో? 'డజ్' సంగతీ ఇంతే. 'హీ వర్క్స్'లోని ఎస్ వెళ్లి 'డజ్'లో కూర్చుంటుంది కాబట్టి 'హీ డజ్ నాట్ వర్క్' అనాలి, 'వర్క్స్' కాదు.

ఆ ఎస్ గురించి ఇంకో మాట. చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తుంది, చేస్తాం, చేస్తారు... ఇన్ని తోకలను నిద్రలో లేపి అడిగినా తప్పులేకుండా చెబుతాం. 'యామ్, ఈజ్, ఆర్' పక్కనపెడితే ఇంగ్లిష్ వర్తమానంలో మార్పు ఒక్కచోటే. హీ, షీ, ఇట్ వచ్చినప్పుడు ఒక ఎస్. దాని దగ్గర తడబడుతున్నామంటే అది కష్టమై కాదు, చదివి వదిలేశాం, నోటితో అనలేదు. 'మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ రైస్ మిల్' అని మీ ఇంటి సంగతులతోనే పది వాక్యాలు పైకి అనండి.

తెలుగు మనల్ని దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. 'ఇప్పుడు చదువుతున్నాను', '2023 నుంచి చదువుతున్నాను', రెంటికీ మనకు ఒకటే రూపం. ఇంగ్లిష్ వాటిని విడదీస్తుంది. మొదటిది 'ఐ యామ్ స్టడీయింగ్'. రెండోది 'ఐ హావ్ బీన్ స్టడీయింగ్ సిన్స్ 2023'. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలంగానో చెబితే ఫర్. 'నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు' అనుకుని 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అనేస్తాం. 'ఐ హావ్' చాలు.

ఆర్టికల్స్ తెలుగులో లేవు, అందుకే 'ఐ యామ్ ఇంజినీర్' అనేస్తాం. 'యాన్ ఇంజినీర్' అనాలి. ఇక్కడ అక్షరం కాదు, శబ్దం చూడాలి. ఎ బీటెక్ గ్రాడ్యుయేట్, యాన్ ఎంబీఏ గ్రాడ్యుయేట్. 'ది' గురించి ఇప్పుడే బుర్ర బద్దలు కొట్టుకోకండి, చదవగా చదవగా పట్టుబడుతుంది.

సర్కారు కొలువుకే ప్రిపేరవుతున్నాం కదా, మాకెందుకు అంటారేమో. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 200 మార్కులకు 50 ఇంగ్లిష్‌వే. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపరే, మార్కులు ర్యాంకుకు కలవవు. కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

పుస్తకం ఏదని అడిగితే, రెన్ అండ్ మార్టిన్ మంచిదే గానీ మొదటి పుస్తకంగా వద్దంటాను. రేమండ్ మర్ఫీ పుస్తకాల్లో ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసం ఉంటాయి. రోజుకో పాఠం చాలు. డిగ్రీకొచ్చాక ఇవన్నీ మొదలుపెట్టడం నామోషీ అనుకోకండి. సి.పి.బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చేనాటికి ఇరవై దాటాయి. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నవాడు 1840లో తెలుగుకు వ్యాకరణమే రాసి అచ్చువేయించాడు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన పనుల గురించి ఐదు వాక్యాలు రాయండి. వెర్బ్ కింద గీత గీయండి. ఫోన్‌లో ఏఐతో దిద్దించుకోండి, పర్వాలేదు. అయితే ఎందుకు మార్చిందో కూడా అడగండి, లేకపోతే రేపూ అదే తప్పు రాస్తారు. తర్వాత కాగితం చూడకుండా పైకి చెప్పండి. మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది, రూమ్మేట్స్ నవ్వుతారు కూడా.

ఆ రోజు ఇంటర్వ్యూలో నేను చెప్పాల్సింది నిజానికి మూడే మూడు వాక్యాలు. ఐ కేమ్ ఫ్రమ్ కరీంనగర్ బై బస్. ఇట్ టుక్ ఫోర్ అవర్స్. ఐ స్టేడ్ ఇన్ మై ఫ్రెండ్స్ రూమ్.