కొండల సాక్ష్యం, కంప్యూటర్ లెక్క

భూతాపం మున్ముందు ఎంత పెరుగుతుందో లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు గత నూట యాభై ఏళ్ల ఉష్ణోగ్రతలను సరిగా చూపించినంత మాత్రాన వాటిని పూర్తిగా నమ్మడం తొందరపాటే, ఎందుకంటే ఆ ఉష్ణోగ్రతలు నమూనాకర్తల కళ్లెదుట మొదటినుంచీ ఉన్నవే. అసలు పరీక్షకు నేటితో పోలికలేని శీతోష్ణస్థితి కావాలి. సుమారు 21,000 ఏళ్ల కిందట, చివరి మంచుయుగం పరాకాష్ఠకు చేరినప్పుడు, గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ అణువులు దాదాపు 190 మాత్రమే ఉండేవి. నేడు అవి 420 దాటాయి.

ఆ కాలానికి గట్టి సాక్షులు హిమానీనదాలు. కొండ మీద పేరుకున్న మంచు తన బరువుకు తానే కిందికి సాగుతూ, వెంట తెచ్చిన బండలనూ మట్టినీ అంచున గట్టుగా పోసి, కరిగి వెనుదిరుగుతుంది. ఆ గట్టునే మొరెయిన్ అంటారు. ఆరుబయట మిగిలిన బండను విశ్వకిరణాలు తాకినప్పుడు అందులోని క్వార్ట్జ్ ఖనిజంలో బెరీలియం-10 అనే అరుదైన పరమాణువులు పుడతాయి కాబట్టి, వాటిని లెక్కిస్తే ఆ గట్టు వయసు తెలుస్తుంది. గట్లు ఉన్న ఎత్తులను బట్టి నాటి హిమరేఖను, అంటే ఏడాదిలో పడిన మంచూ కరిగిన మంచూ సరిసమానమయ్యే ఎత్తును, అంచనా వేస్తారు.

ఈ సాక్ష్యం ఒక పెద్ద వివాదాన్నే లేవదీసింది. సముద్రగర్భపు బురదలోని సూక్ష్మజీవుల గుల్లలను పరిశీలించిన క్లైమాప్ బృందం 1976లోనూ 1981లోనూ ప్రచురించిన పటాల ప్రకారం ఉష్ణమండల సముద్రాలు మంచుయుగంలో పెద్దగా చల్లబడలేదు. అదే ఉష్ణమండలంలోని హవాయి, న్యూగినీ, తూర్పు ఆఫ్రికా, ఆండీస్ కొండల్లో మాత్రం హిమరేఖ దాదాపు 900 మీటర్లు దిగివచ్చినట్లు గట్లు చెబుతున్నాయి. కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న మామూలు లెక్కన అది ఐదారు డిగ్రీల చలి. 1985లో నాసా గోడార్డ్ సంస్థకు చెందిన డేవిడ్ రిండ్, డొరొతీ పెటీట్ క్లైమాప్ ఉష్ణోగ్రతలను నమూనాకు అందించి చూడగా, నమూనాలోని కొండలు గట్లు కోరినంత చల్లబడలేదు. నమూనా తప్పా, సముద్రపు కొలత తప్పా అన్న ప్రశ్నను దాచకుండా ముందుకు తేవడమే వారు చేసిన మేలు. 1995లో బ్రెజిల్ భూగర్భజలాల్లో కరిగి ఉన్న జడవాయువులను కొలిచినప్పుడు ఐదు డిగ్రీలకు పైగా చలి తేలింది. 2021లో పలు ఖండాల భూగర్భజలాలపై వెలువడిన అధ్యయనం కూడా తక్కువ ఎత్తు భూములు 5.8 డిగ్రీల మేర చల్లబడ్డాయని చెప్పింది. కొండల మాటే చాలావరకు నెగ్గింది.

అయితే హిమానీనదం చలినే కాదు, హిమపాతాన్నీ నమోదు చేస్తుంది. హిమాలయాల్లోని అనేక లోయల్లో హిమానీనదాలు బాగా కిందికి సాగింది ఆ పరాకాష్ఠ నాడు కాదు, అంతకు చాలా ముందు. పరాకాష్ఠ వేళకు నైరుతి రుతుపవనాలు బలహీనపడి మంచు తక్కువగా కురవడం అందుకు ఒక ముఖ్య కారణమని భావిస్తారు. అందువల్ల గట్టును చూసి నేరుగా డిగ్రీలు చెప్పేయడం సరికాదు. నమూనా ఇచ్చే వానకూ మంచుకూ కలిపి లెక్క సరిపోవాలి.

ఇటువంటి పరీక్ష నేటికీ అక్కరకొస్తోంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఐదు డిగ్రీలకు పైగా వేడెక్కుతుందని చెప్పిన అమెరికా నమూనా సీఈఎస్ఎమ్2, ఇరవయ్యో శతాబ్దపు ఉష్ణోగ్రతలను చక్కగానే చూపినా, మంచుయుగాన్ని ఆధారాలు చెప్పే ఆరు డిగ్రీలకు బదులు పదకొండు డిగ్రీలకు పైగా చల్లబరిచింది. మేఘాల్లోని మంచు కణాల సంఖ్యకు పెట్టిన ఒక అనుచిత పరిమితిని తొలగించి సవరించాక ఆ అతి చాలావరకు తగ్గింది. ఆ లోపాన్ని వెలికితీసింది మంచుయుగమే.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ భారతదేశానికి సొంత భూవ్యవస్థ నమూనాను రూపొందించింది. రుతుపవనాల భవిష్యత్తుపై ఏ నమూనా ఇచ్చే అంచనానైనా కృష్ణా, గోదావరి జలాశయాల ప్రణాళికకు ఆధారం చేసుకునే ముందు, అది హిమాలయ గట్ల ముందు ఎలా నిలిచిందో ప్రభుత్వాలు అడిగి తెలుసుకోవాలి, ఆ ఫలితాన్ని ప్రజల ముందుంచాలి.